మొక్కలిస్తే మందులిచ్చే సుకదానా క్లినిక్

ఇండోనేషియా పశ్చిమ కాలిమంతన్‌లో గునుంగ్ పాలుంగ్ జాతీయ పార్కు అడవి పక్కనే, సుకదానాలో ఆస్రి అనే స్వచ్ఛంద సంస్థ 2007 నుంచి ఈ క్లినిక్ నడుపుతోంది. బిల్లు డబ్బుగానే కట్టక్కర్లేదు. మొక్కలు, పేడ ఎరువు, అల్లిన చాపలు ఇచ్చినా చెల్లు. ఊళ్లో చెట్లు నరకడం ఆగితే ఊరందరికీ రాయితీ పెరుగుతుంది. చిక్కూ ఇక్కడే: ఒకడు రంపం పడితే పక్కింటి బాలింత బిల్లూ బరువవుతుంది. అందుకే రంపాలు కొనేసి, చిన్న వ్యాపారానికి పెట్టుబడిచ్చే పథకం తెచ్చారు. నా లెక్కలో అసలు కిటుకు అదే. కుటుంబ నియంత్రణ సేవలూ ఉన్నాయి. ఇలాంటి ఇతర పార్కులతో పోలిస్తే పదేళ్లలో అడవి నష్టం సుమారు 70 శాతం తగ్గిందని 2020 నాటి అధ్యయనం తేల్చింది. మొక్కలిచ్చేవాళ్లు మట్టి సంచితో సహా తేవాలి. తల్లివేరు తెగితే నాటినా బతకడం కష్టం.