రస్ట్ కన్వర్టర్: ఆ నలుపును నమ్మినందుకు

రస్ట్ కన్వర్టర్ అంటే తుప్పును గట్టి నల్లటి పొరగా మార్చే ద్రవం. తుప్పు మీద పూసిన అరగంటకే ముదురు ఊదా రంగులోకి తిరుగుతుంది. తెల్లారేసరికి బొగ్గులా నల్లబడుతుంది. ఈ ద్రవంలో నాకు మొదట నచ్చింది అదే. ఇప్పుడు నా కోపమూ దాని మీదే. 2021 ఫిబ్రవరిలో నాన్నగారి పాత జీపు ఛాసిస్‌కి, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి, రెండు సీసాలు పట్టించి, మర్నాడు పొద్దున్నే టార్చిలైటు పట్టుకుని కింద దూరి ఆ నలుపును చూసి ఎంత మురిసిపోయానో! అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనమని చెప్పాను. మా తోడల్లుడు నా మాట విని హైదరాబాద్‌లో తన కారుకి కొన్నాడు. నాలుగేళ్లు దాటాక ఆ మాటను కొంత సవరించుకోవాలి.

మాది భీమిలి. ఇంటి నుంచి సముద్రానికి నడిచి పది నిమిషాలు. ఇక్కడ వాన లేని రోజు కూడా ఇనుము పూర్తిగా ఆరదు. గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమను లాక్కుంటూనే ఉంటుంది. దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ జీపు రేకుల షెడ్డులో ఉంది. రేకులు ఎగిరిపోయాయి, జీపు మాత్రం ఇసుకా ఉప్పునీళ్లూ మీద పడుతుంటే అక్కడే నిలబడింది. నీళ్లు రావడానికే రోజులు పట్టింది. వచ్చాక పైపు పెట్టి రెండుసార్లు కడిగాం. కడిగింది పైనా కిందా మాత్రమే. ఛాసిస్ బీములు పెట్టెల్లా లోపల బోలుగా ఉంటాయి, ఆ లోపల కూడా కడగాలని అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి రెండు వానాకాలాలూ ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు నేను చెప్పిన మంచి అబద్ధం కాదు. పెచ్చులు వైర్ బ్రష్‌తో గీకి, దుమ్ము కడిగి, ఆరాక పూస్తే పట్టు బాగానే ఉంది. దాని మీద రెడ్ ఆక్సైడ్, ఆపైన నల్ల ఎనామెల్ వేశాను. మిగిలిన ద్రవాన్ని ప్రహరీ గేటుకి పూశాను. సముద్రం వైపు తిరిగి ఉన్న ఆ గేటు మీద ఇప్పటికీ ఎక్కడా బుడగ లేవలేదు. ఒక్క సంగతి అప్పుడు చెప్పలేదు. గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్దిన చోట ఇది నిలవలేదు, పొరలా ఊడొచ్చింది. దానికి పట్టుకోవడానికి తుప్పు కావాలి మరి. ముసురు రోజుల్లో పూస్తే రెండు రోజులైనా జిగురుగానే ఉంటుంది. ఇవి చిన్నవే అనుకుని వదిలేశాను.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలు తగ్గాక, సరుగుడు తోటకి వెళ్లి వస్తున్నాం. వెనక మా ఆవిడ, పిల్లలు ఉన్నారు. తగరపువలస దాటాక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే వెనక ఎడమవైపు "టక్" మని చప్పుడైంది. షాక్ అబ్జార్బర్ బుష్ పోయిందనుకున్నాను. ఇంటికొచ్చి వెనక తలుపు తీస్తే మళ్లీ పడలేదు. గడియ వేలెడు కిందకి దిగి ఉంది. ఎత్తి పట్టుకుంటేగాని తగలడం లేదు. తలుపు కిందకి దిగిందా, బండే వంగిందా అని గుండె ఝల్లుమంది. కింద దూరి చూశాను. ఛాసిస్ నేను వదిలినట్టే నల్లగా, నున్నగా ఉంది. ఎంత వెతికినా ఎర్రటి మరక ఒక్కటీ లేదు. బుష్ కొని తెచ్చి మార్చేశాను. చప్పుడు పోలేదు.

మా వీధి చివర షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. పిలిస్తే వచ్చారు. కింద దూరకుండానే "సుత్తి ఉందా బాబూ?" అన్నారు. ముందు నుంచి వెనక్కి బీము పొడుగునా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ వెళ్లారు. ముందంతా ఖంగుమని మోగింది. వెనక కమాన్ కట్టల్ని బీముకి కలిపే షాకిల్ బిగించిన చోటికి రాగానే చప్పుడు చచ్చిపోయింది, తడి గోడ మీద కొట్టినట్టు. ఇంకోసారి కొట్టారు. సుత్తి మొన లోపలికి దిగిపోయింది.

"ఏటి బాబూ ఇది? పైన రంగేసి లోపల వదిలీసినావు" అన్నారు.

నల్లటి పై పొర కోడిగుడ్డు పెంకులా విరిగి చేతికొచ్చింది. దాని వెనక ఇనుము లేదు. పూతరేకులు పేర్చినట్టు ఎర్రటి పొరలు మాత్రం ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో కదిపితే గుప్పెళ్లతో రాలాయి. వాటితో పాటు ఇసుక రాలింది. తొమ్మిదేళ్ల కిందటి హుద్‌హుద్ ఇసుక! బీము అడుగున నీళ్లు కారే కన్నాలు ఉంటాయి. ఆ ఇసుక వాటిని లోపలి నుంచి మూసేసింది. పై నుంచి మిగిలిన కాస్తనీ నేనే ఎనామెల్‌తో పూడ్చాను. లోపల చేరిన ప్రతి చుక్కా అక్కడే ఉండిపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధ వేస్తుంది.

ఈ ద్రవంలోని టానిక్ యాసిడ్ తుప్పుతో కలిసి నల్లటి పదార్థంగా మారుతుంది. అది తడిసిన మేరకే. మందపాటి తుప్పులో పై పొర మాత్రమే మారుతుంది, బీము అవతలి ముఖానికి అసలు అందనే అందదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ నల్లగా, గట్టిగా, ఏకరంగుగా కనిపించే దాన్ని మళ్లీ సుత్తితో కొట్టి చూడాలని ఎవరికి తోస్తుంది? తుప్పు ఎర్రగా ఉన్నంతకాలం ఏడాదికోసారైనా భయపడి చూసేవాణ్ని. నల్లబడ్డాక చూడటం మానేశాను. నాకు కోపం అందుకే. పిల్లల్ని ఎక్కించుకుని ఆ బండిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

సంక్రాంతి అయ్యాక ఇంటి ముందే పని పెట్టుకున్నాం. డీజిల్ ట్యాంకు దించాం, బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాం, బ్రేకు పైపు పక్కకి తప్పించాం. పెద్దాయన పట్టుబట్టింది ఒకటే: బీము కోశాక బండి వంగిపోకుండా ఛాసిస్ కింద ఆరుచోట్ల స్టాండ్లు పెట్టాలన్నారు. ఖంగుమని మోగే ఇనుము వచ్చేదాకా కోసుకుంటూ వెళ్తే చివరికి మూరెడు ముక్క పోయింది. మూడు మిల్లీమీటర్ల ప్లేటు వంచి అతికించాం. ప్లేటు అంచుల్ని నిలువుగా కాకుండా ఏటవాలుగా కోయించారు. నిలువు గీతలా వెల్డింగ్ చేస్తే బరువంతా ఆ గీత మీదే పడి, దాని పక్కనే పగులు వస్తుందట. 7018 రకం వెల్డింగ్ రాడ్లు సీలు విప్పని ప్యాకెట్ తెప్పించి, ఆ రోజుకి ఆ రోజే వాడారు. మిగిలినవి మర్నాడు ముట్టుకోలేదు. మా గాలికి అవి తేమ పడతాయని ఆయన భయం. నా చేత గ్రైండర్ పట్టించారు, వెల్డింగ్ మాత్రం ముట్టనివ్వలేదు. నేను గేట్లకీ మంచాలకీ వెల్డింగ్ చేశాను మావయ్యా అంటే, "మంచం రోడ్డు మీద పరిగెట్టదు కదా" అన్నారు. ఆ మాట సరైనదే. అలాంటి చెయ్యి పక్కన లేకపోతే ఛాసిస్ వెల్డింగ్ ఇంట్లో చెయ్యమని నేను ఎవరికీ చెప్పను. కన్వర్టర్ పూయడం వేరు, ఇది వేరు.

ఈసారి కన్నాలన్నీ తెరిచాం. పైపు దూర్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా లోపల కడిగాం. బ్లోయరుతో ఆరబెట్టి, వారం ఎండలో వదిలేశాం. ఆ తర్వాత సన్నటి పొడుగు గొట్టంతో మైనం కలిసిన నూనెను లోపలంతా చిమ్మాను. అది గట్టిపడదు, పాకుతుంది, చీరితే మళ్లీ మూసుకుంటుంది. నాకు అదే కావాలి. కన్వర్టర్‌ని కూడా పారేయలేదు. వైర్ బ్రష్ అందని బోల్టుల చుట్టూ, బ్రాకెట్ల మూలల్లో ఇప్పటికీ అదే పూస్తున్నాను, పైన నల్ల ఎనామెల్ బదులు బూడిద రంగు వేస్తున్నాను. లేత రంగు మీద ఎర్రటి మరక వెంటనే కనబడుతుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సుత్తి పట్టుకుని బీము మొత్తం కొట్టి వింటున్నాను. కుడివైపు కూడా మోత కాస్త మందంగా అనిపించే చోటు ఒకటుంది. వచ్చే చలికాలంలో కోసి చూడాలి.

కొనొచ్చా అని ఇప్పుడు అడిగితే, గేటుకీ గ్రిల్‌కీ బండి పైపైన కనబడే తుప్పుకీ కొనొచ్చు. రెండు వైపులా కంటికి కనబడే ఇనుము అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. పెట్టెలా మూసి ఉన్న బీముకి, ముందు సుత్తితో కొట్టకుండా పూయొద్దు. నాది సముద్రం ఒడ్డు, తుపాను తిన్న బండి, ముప్పై ఏళ్ల ఇనుము. కరీంనగర్‌లోనో కర్నూలులోనో షెడ్డులో ఉండే బండికి నా అనుభవం ఇంత గట్టిగా వర్తించకపోవచ్చు. అక్కడ రెండు సీసాలతోనే పని అయిపోవచ్చు కూడా.

మా తోడల్లుడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అన్నయ్యా, మాది బానే ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది" అన్నాడు. వచ్చే నెల పెళ్లికి హైదరాబాద్ వెళ్తున్నాం. సుత్తి సంచిలో పెట్టుకున్నాను.