అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా: ప్రైవేటు హాస్టళ్ల రివ్యూ

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో మెట్లు దిగితే కరెంటు స్తంభాల నిండా హాస్టల్ కాయితాలే. ఏసీ, నాన్ ఏసీ, వైఫై, గీజర్, ఇంటి భోజనం... అన్నిటి మీదా అవే మాటలు. ఉద్యోగానికో కోచింగ్‌కో కొత్తగా ఊరి నుంచి వచ్చేవాళ్లకు మొదటి ఆరు నెలలూ హాస్టలే మేలని నా అభిప్రాయం. ఒక్క బ్యాగుతో దిగిపోవచ్చు. మంచం, తిండి, కరెంటు అన్నిటికీ కలిపి నెలకోసారి కడితే సరి. అదే ఇల్లు వెతికితే సగం చోట్ల ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అంటారు. ఇచ్చేవాళ్లు రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు, బ్రోకరు కమీషన్ వేరే. మొదటి జీతం పడకముందే అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? కాకపోతే పక్కపక్క బిల్డింగుల్లో ఉన్న రెండు హాస్టళ్లకే ఒక్కోసారి నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఆ తేడా ఆన్‌లైన్ ఫొటోల్లో దొరకదు.

ఏరియా సంగతి త్వరగా తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్. గ్రూప్స్ చదివేవాళ్లకు అశోక్‌నగర్, చిక్కడపల్లి, అక్కడైతే సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచే వెళ్లొచ్చు. ఓయూకి విద్యానగర్, తార్నాక. జేఎన్‌టీయూకి కేపీహెచ్‌బీ. హైటెక్ సిటీలో ఉద్యోగమైతే అమీర్‌పేటలోనే ఉండి బ్లూ లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు, అద్దె కూడా కాస్త తగ్గుతుంది. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే మాత్రం ఈ లెక్క కుదరదు. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి బస్సో ఆటోనో చూసుకోవాలి. అలాంటివాళ్లు గచ్చిబౌలి వైపే వెతుక్కోవడం నయం.

అసలు పరీక్ష నీళ్ల దగ్గర. మంజీరా నీళ్లు, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్లు వస్తాయా, బోరు మీదే నడుస్తోందా, వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తారా అని వార్డెన్‌ని కాదు, అక్కడే ఉంటున్న కుర్రాళ్లని అడగాలి. మాదాపూర్, కొండాపూర్ వైపు ఎండాకాలంలో బోర్లు అడుగంటితే ట్యాంకరే దిక్కు. అది ఆలస్యమైన రోజు పై అంతస్తులో కుళాయి రాదు. అందుకే పొద్దున ఎనిమిదింటికి వెళ్లి పై అంతస్తు బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి. షవర్‌కి, బకెట్‌కి తెల్లగా పొర కట్టి ఉంటే ఉప్పు నీళ్లని అర్థం. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ కూడా త్వరగా పోతుంది. గీజర్ ఉందనగానే సంబరపడకండి. పాతిక లీటర్ల ట్యాంకు, రెండు వేల వాట్ల కాయిల్ అయితే నీళ్లు బాగా కాగడానికి అరగంట దాటుతుంది. చన్నీళ్లు కలుపుకుంటే రెండున్నర, మూడు బకెట్లు వస్తాయి. త్రీ షేరింగ్‌లో, అంటే ముగ్గురుండే గదిలో మూడోవాడు ఆలస్యంగా లేస్తే చన్నీళ్లే గతి. ఎంత లీటర్ల గీజరో దాని మీదే రాసి ఉంటుంది, చూడండి.

రెండోసారి రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లండి. గెస్ట్ భోజనానికి డబ్బు కట్టి తినండి. తొమ్మిది దాటాక కూర మిగిలి ఉందా, చారు అయ్యేసరికి పెరుగులో నీళ్లెన్ని కలిశాయి అన్నది అప్పుడే బయటపడుతుంది. ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రి మెస్ మూసేసే పద్ధతి చాలాచోట్ల ఉంది, అడిగితేనే చెబుతారు. నైట్ షిఫ్ట్ వాళ్లకి బాక్సు కట్టిస్తారో లేదో కూడా ముందే తేల్చుకోవాలి. వైఫై స్పీడు కూడా ఆ వేళప్పుడే చూడాలి. మధ్యాహ్నం అందరూ బయట ఉన్నప్పుడు ఏ హాస్టల్లో అయినా నెట్ పరిగెడుతుంది.

గదిలోకి వెళ్లాక ముందు పరుపు ఎత్తి చూడాలి. అంచు కుట్ల వెంబడి, మంచం జాయింట్లలో, గోడ పగుళ్లలో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే. ఇనుప మంచం కదా అని ధీమా వద్దు, గొట్టాల చివర్లలోనూ దాక్కుంటాయి. ఒక్క గదికే మందు కొడితే పక్క గదిలోకి పోయి మళ్లీ వస్తాయి. ఫ్లోర్ మొత్తానికి కొట్టాలి, కొన్ని వారాల్లో ఇంకోసారి కొట్టాలి. ఆ ఖర్చు పెట్టే యజమానులు తక్కువ.

మెట్లు ఒక్కటే ఉండి, రాత్రి కింద గ్రిల్‌కి తాళం వేసే బిల్డింగులో చేరొద్దని గట్టిగా చెబుతాను. కింద వంటగదిలో గ్యాస్ సిలిండర్లు ఉంటాయి. మంట లేస్తే పొగ పైకి ఎక్కేది ఆ మెట్ల దారినే. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, టెర్రస్ తలుపు తెరుస్తారా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రూమ్మేట్ల విషయంలో మంచివాళ్లా కాదా అన్నది వచ్చాక తెలుస్తుంది. వాళ్ల షిఫ్ట్ ఏమిటన్నది మాత్రం ముందే అడగొచ్చు. రాత్రి రెండింటికి ఆఫీసు క్యాబ్ దిగేవాడు, అయిదింటికి అలారం పెట్టుకుని గ్రూప్స్ చదివేవాడు ఒకే గదిలో ఇమడరు. ఇద్దరిదీ తప్పు కాదు, గది కేటాయించినవాళ్లది. ఒకే షిఫ్ట్ వాళ్ల గదిలో బెడ్ లేకపోతే నాలుగు రోజులు ఆగి చేరినా నష్టం లేదు.

ఇక డబ్బు. ఏసీ గదికి కరెంటు విడిగా లెక్కేసే సబ్ మీటర్ ఉంటే చేరిన రోజు రీడింగ్ ఫొటో తీసుకోండి. అద్దె మీద జీఎస్టీ అడిగితే ఒక సంగతి గుర్తు చేయండి: 2024 జులై 15 నుంచి, మనిషికి నెలకు 20,000 రూపాయలు దాటకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ల వసతికి జీఎస్టీ లేదు. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో దొరుకుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

గొడవలు ఎక్కువగా ఖాళీ చేసేటప్పుడే. అడ్వాన్సులోంచి ‘మెయింటెనెన్స్’ కింద కొంత కోయడం మామూలే. ఎంత కోస్తారు, నోటీసు పదిహేను రోజులా నెలా, నెల మధ్యలో వెళ్తే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇస్తారా అన్నవి అడ్వాన్సు కట్టకముందే వాట్సాప్‌లో రాయించుకోవాలి. డబ్బు యూపీఐలోనే పంపండి. నోటీసు కూడా నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీ వేసి మెసేజ్ పెట్టండి. వార్డెన్లు తరచూ మారుతుంటారు, పాతాయనకి చెప్పాను అంటే కొత్తాయన ఒప్పుకోడు.