ప్రధానపు ఉంగరానికి ఓవల్ వజ్రం: ఉన్న డబ్బులో ఏది మేలు?

నెల్లూరు ఆచారివీధిలో అడిగినా, ఒంగోలు ట్రంకు రోడ్డులో అడిగినా, ఓవల్ వజ్రం కావాలనగానే కౌంటర్ మీద మొదట వినిపించే మాట "ఈఎఫ్ వీవీఎస్ అండీ, తిరుగులేని క్వాలిటీ" అని. మాట అబద్ధం కాదు. ఈ, ఎఫ్ అంటే దాదాపు రంగులేని రాయి. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో కూడా మచ్చ దొరకడం కష్టమైన రాయి. కమ్మలకీ ముక్కుపుడకకీ చిన్న చిన్న రౌండు రాళ్లు కొనేటప్పుడు అలవాటైన లెక్క అది. గని నుంచి వచ్చిన ఓవల్ రాయికి కూడా అదే లెక్క పెట్టుకుంటే, డబ్బులో పెద్ద వాటా కంటికి కనిపించని గుణానికి పోతుంది. కంటికి కనిపించే లోపం మాత్రం ఉంగరంలో అలాగే మిగులుతుంది.

రౌండా, ఓవలా?

ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, షాపు లెక్కలో 100 సెంట్లు. బాగా సానపట్టిన ఒక క్యారెట్ రౌండు రాయి అడ్డం 6.4 నుంచి 6.5 మిల్లీమీటర్లు. అదే బరువున్న మంచి ఓవల్ 7.8 పొడవు, 5.8 వెడల్పు దాకా వస్తుంది. ముఖం వైశాల్యం లెక్కేస్తే ఓవల్‌కు ఎనిమిది శాతం ఎక్కువ. పొడవు వేలి వెంట సాగుతుంది కాబట్టి చూపుకి అంతకన్నా పెద్దగా కనిపిస్తుంది, పొట్టి వేళ్లున్న చేతికి బాగా నప్పుతుంది. ముడిరాయిలోంచి ఓవల్ తీస్తే రౌండు తీసినంత వృథా ఉండదు. అందుకే గని వజ్రాల్లో అదే గ్రేడు రౌండు కన్నా ఓవల్ క్యారెట్ ధర తక్కువ ఉంటుంది. గనిలో కాక ల్యాబ్‌లో పెంచిన రాళ్లలో ఈ తేడా పెద్దగా లేదు.

రౌండులో ఉన్న మేలు నమ్మకం. 2006 నుంచి జీఐఏ అనే వజ్రాల పరీక్ష సంస్థ రిపోర్టులో రౌండు రాయికి కట్, అంటే సానపట్టిన తీరుకి, గ్రేడు ఇస్తున్నారు. అక్కడ ఎక్సలెంట్ అని ఉంటే రాయి బతికే ఉంటుంది. ఓవల్ రిపోర్టుల్లో మామూలుగా కనిపించేవి పాలిష్, సిమెట్రీ, ఈ రెండే. రెండింటికీ ఎక్సలెంట్ ఉండి కూడా చచ్చుగా, నడిమధ్యన నల్లగా కనిపించే ఓవల్ రాళ్లు బోలెడు. కాబట్టి రాయిని కళ్లారా చూడకుండా ఫోన్లోనే తేల్చుకోవాల్సి వస్తే రౌండే తీసుకోండి. కూర్చుని నాలుగు రాళ్లు పక్కపక్కన పెట్టి చూసే వీలుంటే ఓవల్ మేలు.

ఒకే బరువు, రెండు రాళ్లు

చీమకుర్తి వైపు వాళ్లకు ఈ సంగతి ఇట్టే ఎక్కుతుంది. గ్రానైట్ పలకను చదరపు అడుగుల లెక్కన కొంటాం, అంటే కనిపించే ముఖానికి డబ్బిస్తాం. వజ్రాన్ని బరువు లెక్కన కొంటాం, చూసుకునేది మాత్రం ముఖాన్నే. బరువంతా అడుగున దాక్కుంటే మనకు దక్కేదేమీ లేదు.

రెండు ఓవల్ రాళ్లు అనుకోండి. రెండూ సరిగ్గా ఒక క్యారెట్టే, రంగూ క్లారిటీ కూడా ఒకటే. మొదటిది 7.8 × 5.8 మిల్లీమీటర్లు, లోతు 3.49. లోతును వెడల్పుతో భాగిస్తే వచ్చేదే రిపోర్టులో డెప్త్ శాతం, ఇక్కడ 60. రెండోది 7.4 × 5.5, లోతు 3.88, డెప్త్ 70 దాటింది. రెండో రాయి ముఖం మొదటిదానికన్నా పది శాతం చిన్నది. పైనుంచి చూస్తే అది 85 సెంట్ల మంచి రాయంతే కనిపిస్తుంది, డబ్బు మాత్రం 100 సెంట్లకూ కట్టాలి. గ్రేడు పేర్లు చూసి కొనేవాళ్లకి ఈ రెండు రాళ్ల మధ్య తేడా కనబడదు. రిపోర్టులో కొలతల వరుస చదివితే అర నిమిషంలో తెలుస్తుంది.

డెప్త్ 58 నుంచి 63, టేబుల్ (రాయి పైన ఉండే చదునైన పెద్ద పలక) 53 నుంచి 63 శాతం మధ్య ఉన్నవి ముందు ఏరుకోండి. నడుము, అంటే గర్డిల్, మరీ పలచగా ఉంటే పొదిగేటప్పుడే పెచ్చు లేస్తుంది. మరీ మందంగా ఉంటే అక్కడా బరువు దాక్కుంటుంది. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.35 నుంచి 1.50 మధ్య రావడం చూడముచ్చటగా ఉంటుంది. 1.25 దగ్గరకొస్తే రౌండు సాగినట్టుంటుంది. రాయిని తెల్లకాగితం మీద బోర్లించి రెండు కొనలూ పోల్చండి. ఒకటి మొద్దుగా, ఒకటి సన్నగా ఉంటే అది కోడిగుడ్డు ఆకారం. ఉంగరంలో పెట్టాక ఆ వంకర ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక బో టై. రాయి మధ్యలో అడ్డంగా, సీతాకోకచిలుక రెక్కల్లా రెండు నల్లటి నీడలు పడతాయి. ఆ చోట ఉన్న పలకలు పక్కల నుంచి వచ్చే వెలుగును కాకుండా, చూసేవాళ్ల తల నీడనే తిప్పి కంటికి కొడతాయి. అందుకే అక్కడ చీకటి. ఏ ఓవల్‌లోనైనా అది కొంత ఉంటుంది, రాయి కదిలినప్పుడు ఆ నీడ వెలుగుగా మారితే ఇబ్బంది లేదు, పైగా అందమే. ఎటు తిప్పినా నల్లగానే నిలిచిపోతే ఆ రాయి వద్దు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

షాపు పైకప్పులో ఉండే చిన్న చిన్న స్పాట్ లైట్ల కింద గాజుముక్క కూడా మెరుస్తుంది. రాయిని పట్టకారుతో పట్టుకుని వాకిలి దగ్గరికి, నేరుగా ఎండ పడని పగటి వెలుగులోకి తీసుకెళ్లమనండి. ముఖానికి 25, 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి నిదానంగా అటూ ఇటూ ఊపండి. తరవాత చెయ్యి చాచినంత దూరంలో చూడండి. నాలుగు రాళ్లలో రెండు అక్కడే తేలిపోతాయి.

రంగు, మచ్చ: ఎక్కడ తగ్గొచ్చు?

ఓవల్‌లో రంగు కొనల దగ్గర చేరుతుంది. తెల్ల బంగారం, ప్లాటినంలో పెట్టేట్టయితే జి, హెచ్ కంటే దిగొద్దు (అక్షరం ముందుకు పోయేకొద్దీ పసుపు పెరుగుతుంది). పసుపు బంగారంలో ఐ, జె కూడా తెల్లగానే అనిపిస్తాయి, చుట్టూ ఉన్న లోహమే పచ్చగా ఉంటుంది గనక. ఈ ఒక్క నిర్ణయంతో గని రాయి మీద చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుంది. మన పెద్దవాళ్లు అడిగే బ్లూ జాగర్ (నీలి ఛాయ కొట్టే తెల్ల వజ్రం) పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. ఇప్పటి రిపోర్టులో దానికి దగ్గరగా ఉండే మాట ఫ్లోరోసెన్స్, బ్లూ, అంటే అతినీలలోహిత వెలుగులో రాయి నీలంగా వెలగడం. ఫెయింట్, మీడియం అని ఉంటే భయం లేదు. స్ట్రాంగ్ అని ఉంటే మాత్రం ఎండలో చూసి, పాలు కలిపినట్టు మసకగా లేదని నిర్ధారించుకోండి.

మచ్చల విషయంలో పెద్దవాళ్ల పట్టింపుకి విలువివ్వాలి. కాకిపాదం (కాకి కాలి ఆకారపు మచ్చ) ఉన్న వజ్రం ఇంటికి మంచిది కాదంటారు. రాయి నడిమధ్య నల్లటి మచ్చ ఉంటే అది కంటికీ కనబడుతుంది, శాస్త్రం నమ్మినా నమ్మకపోయినా అలాంటిది వద్దనడమే సరి. అంచున ఉండే తెల్లటి సన్నగీత వేరే సంగతి. ప్రాంగు, అంటే రాయిని పట్టి ఉంచే బంగారు గోరు, కింద అది దాగిపోతుంది. అయితే సరిగ్గా కొన మీదే చీలిక ఉంటే, పొదిగేవాళ్లు ప్రాంగు వంచి నొక్కేటప్పుడు రాయి పగిలే ప్రమాదముంది. క్లారిటీ మెట్లలో వీవీఎస్ కింద వీఎస్, దాని కింద ఎస్‌ఐ. ఎస్‌ఐ1 లో మామూలు కంటికి శుభ్రంగా ఉన్న రాయి దొరికితే వీవీఎస్ కన్నా అదే తెలివైన కొనుగోలు. వెతికే ఓపిక లేకపోతే వీఎస్2 తీసుకోండి.

బరువులో కూడా మెట్లుంటాయి. 50, 70, 90, 100 సెంట్ల దగ్గర గని రాయి క్యారెట్ ధర ఒక్కసారిగా ఎగురుతుంది. 50 సెంట్ల ఓవల్ 6.2 × 4.6 ఉంటే, 48 సెంట్లది పొడవులో మిల్లీమీటరులో పదో వంతు కూడా తగ్గదు. మెట్టుకి కాస్త కింద ఉన్న రాయి అడగండి.

గని వజ్రమా, ల్యాబ్ వజ్రమా?

ల్యాబ్ రాయి నకిలీ కాదు, అది కూడా కార్బనే, అదే గట్టిదనం, అదే మెరుపు. 2023లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు అప్పటి అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కి ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబ్‌దే. షాపులో ఉండే మామూలు టెస్టర్ పెన్ను రెండింటినీ వజ్రమనే చెబుతుంది. అందుకే ఆ పెన్ను మీద ఆధారపడకూడదు. ధర మాత్రం గని రాయిలో ఐదో వంతుకు మించదు, చాలాసార్లు ఇంకా తక్కువ. గత కొన్నేళ్లలో బాగా పడింది కూడా. తిరిగి అమ్మబోతే ల్యాబ్ రాయికి దాదాపు ఏమీ రాదు. గని రాయిని అదే షాపులో, బిల్లు చూపిస్తే, కొంత కోసుకుని మార్చుకుంటారు. ఎంత శాతమో నోటిమాటగా కాక బిల్లు మీద రాయించుకోవాలి.

కౌంటర్ మీద విన్న "ఈఎఫ్ వీవీఎస్" మాట సరిగ్గా నప్పేది ల్యాబ్ రాయికి. అక్కడ అలాంటి పై గ్రేడుకి అదనంగా పెట్టేది కొంచెమే, కాబట్టి తీసుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి జీఐఏ ల్యాబ్ రాళ్లకు ఆ అక్షరాల గ్రేడ్లు మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అన్న రెండు తరగతులే పెట్టింది. మన దగ్గర ల్యాబ్ రాళ్లు ఎక్కువగా ఐజీఐ అనే మరో పరీక్ష సంస్థ రిపోర్టుతో వస్తాయి. ఆ రిపోర్టు నంబరు ఎల్‌జీ అక్షరాలతో మొదలవుతుంది, నడుము మీద లేజరుతో ల్యాబ్‌గ్రోన్ అని కూడా చెక్కి ఉంటుంది. వాయువు నుంచి పొరపొరగా పెంచే సీవీడీ పద్ధతి రాయికి గోధుమ ఛాయ, భారీ ఒత్తిడి, వేడిలో పెంచే హెచ్‌పీహెచ్‌టీ రాయికి నీలి ఛాయ ఉండే వీలుంది. తెల్లకాగితం మడత మీద పెట్టి పక్కనుంచి చూస్తే తెలుస్తుంది.

ఏది మేలో తేల్చాలంటే ఇంట్లో ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఉంగరం వేలికి పెట్టుకోవడానికా, అవసరానికి అక్కరకొస్తుందనా? అక్కరకు రావాలనుకుంటే గని ఓవల్ కూడా సరైన దారి కాదు. ఒక క్యారెట్ ల్యాబ్ ఓవల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో సవరల లెక్కన బంగారం కొని పెట్టుకుంటే, రేపు ఆ బంగారానికి ఏ ఊళ్లోనైనా ఆ రోజు రేటు పలుకుతుంది. వజ్రానికి అలా పలకదు. మా తీర్పు అదే. పెద్దవాళ్లు గని రాయే కావాలని పట్టుబడితే 45 నుంచి 48 సెంట్లు, హెచ్ లేదా ఐ రంగు, కంటికి శుభ్రమైన ఎస్‌ఐ1, పసుపు బంగారంలో.

వజ్రంలా కనిపించే మాయిసనైట్, అమెరికన్ డైమండ్ వేరు. అమెరికన్ డైమండ్ అనేది పేరుకే డైమండ్, అది జిర్కోనియా, కొన్నాళ్లకే గీతలు పడి మసకబారుతుంది. మాయిసనైట్ గట్టిదే, కానీ వజ్రం కన్నా రెట్టింపుకి పైగా రంగులు చిమ్ముతుంది. భూతద్దంలో పక్కవాటుగా చూస్తే వెనక పలకల అంచులు జంటగా కనిపిస్తాయి. టెస్టర్ పెన్ను దాన్ని కూడా వజ్రమనేస్తుంది. వజ్రమని చెప్పి పెట్టకపోతే తప్పేమీ లేదు.

బంగారం, పొదుగు, బిల్లు

మనవాళ్లకి 22 క్యారెట్లే బంగారం. కానీ అది మెత్తన, ప్రాంగులు వంగి రాయి జారిపోతుంది. ఒంటిరాయి ఉంగరానికి 18 క్యారెట్లు పెట్టించండి, ముద్ర 750 ఉండాలి. ఉంగరం పట్టీ 1.8 మిల్లీమీటర్ల కన్నా సన్నగా వద్దు. నాలుగు ప్రాంగుల్లో రాయి బాగా కనిపిస్తుంది, ఆరు ప్రాంగుల్లో భద్రం ఎక్కువ. వెంకటగిరి చీర జరీ పోగు పట్టుకుని లాగేది పైకి లేచిన ప్రాంగు కొననే, అందుకని వేలితో తడిమి నునుపుగా ఉందో లేదో చూడండి. రోజూ వంటింటి పని చేసే చేతికి, చుట్టూ బంగారు అంచు కట్టిన బెజెల్ పొదుగు మేలు. తెల్ల బంగారమైతే రోడియం పూత ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ వేయించాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.

బిల్లులో బంగారం, వజ్రం, తరుగు, మజూరీ విడివిడిగా ఉండాలి. ఉంగరం మొత్తం 3.70 గ్రాములు, రాయి ఒక క్యారెట్ అయితే 0.20 తీసేసి 3.50 గ్రాములకే బంగారం లెక్క కట్టాలి, తరుగు కూడా దాని మీదే. 18 క్యారెట్ల రేటు అంటే 22 క్యారెట్ల రేటును 22తో భాగించి 18తో హెచ్చించినంత. 22 రేటే వేసేస్తే అక్కడే ఆపి అడగండి. మూడు శాతం జీఎస్టీ ఆ పైన. ఉంగరం మీద హాల్‌మార్కుతో పాటు ఉండే ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అది బంగారానికి మాత్రమే పూచీ, రాయికి కాదు.

వేలి కొలత పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తీసుకోండి. మన ఎండలకి వేళ్లు ఉబ్బుతాయి, కోలరాయి వదులుగా ఉంటే పక్కకి తిరిగిపోతుంది. ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు ఆర్డరివ్వండి. పొదగడానికి ఇచ్చేముందు విడిరాయిని క్యారెట్ తూకంలో తూయించి, నడుము మీద లేజరుతో చెక్కిన రిపోర్టు నంబరును భూతద్దంలో చూసి ఫోటో తీసుకోండి. ఆ నంబరు ప్రాంగు కిందకి పోకుండా పొదగమని చెప్పి, ఉంగరం చేతికొచ్చిన రోజు డబ్బు పూర్తిగా కట్టకముందే అదే నంబరును మళ్లీ చూడండి.