గర్ప్స్ ఆటలో కత్తిపోరు: ఎంతవరకు నిజం?

మధ్యయుగపు ఆయుధాల పోరును పాచికలతో నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆటలు (ఒక్కొక్కరు ఒక పాత్రను ధరించి బల్ల చుట్టూ కూర్చుని ఆడేవి) చాలానే ఉన్నాయి గాని, కత్తి పట్టి సాధన చేసినవారు చూసి ఒప్పుకోదగినవి కొద్ది. ఆ కొద్దిలో నేను ఎక్కువ కాలం ఆడినది స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్. 1986లో మొదలైన ఈ ఆటకు పునాది పోరే. దాని పోరు నియమాలు అంతకు ముందు ఏడాదే మ్యాన్ టు మ్యాన్ అనే పేరుతో విడిగా వెలువడ్డాయి. ఇక్కడ నేను పరిశీలిస్తున్నది 2004 నాటి నాలుగో కూర్పును, అందులోనూ చేతి ఆయుధాల నియమాలను మాత్రమే.

ఈ ఆటలో ఒక్కో వంతు ఒక్క సెకను. మొదటిసారి ఆడేవారికి ఇది విసుగనిపించవచ్చు గాని, దీని గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఒక సెకనులో మనిషి ఒక దెబ్బ వేయగలడు, లేదా ఒక అడుగు జరిగి కాచుకోగలడు, లేదా ఎదుటివాడిని గమనిస్తూ నిలబడగలడు. అలా గమనించిన ప్రతి సెకనుకూ తరువాతి దెబ్బ గురి అంకెకు ఒకటి చొప్పున మూడు వరకు కలిసివస్తుంది. కర్రసాము చేసేవాళ్లు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ అదను కోసం చూడటం మన ఊళ్లలో చూసినవారికి, ఆ నిరీక్షణకు విలువ కట్టిన ఈ నియమం ఎంత సరైనదో వెంటనే అర్థమవుతుంది.

దెబ్బ గురి తప్పకపోయినంత మాత్రాన తగిలినట్టు కాదు. ఎదుటివాడు తప్పుకోవడానికో, ఆయుధంతో అడ్డుకోవడానికో, డాలు ఒడ్డడానికో మళ్లీ పాచికలు వేస్తాడు. ఆయుధంతో అడ్డుకునే బలం నైపుణ్యంలో సగానికి మూడు కలిపినంత; నైపుణ్యం 12 ఉన్నవాడికి అది 9, అంటే మూడు పాచికల మొత్తం 9 గాని అంతకు తక్కువ గాని పడాలి, దానికి అవకాశం నూటికి 37.5. అందుకే నేర్పరి తన గురిలో రెండు వదులుకుని ఎదుటివాడి కాపుదలలో ఒకటి తగ్గించే మోసపు దెబ్బ వేస్తాడు. ఆయుధాల స్వభావాలు కూడా ఈ లెక్కలో చక్కగా ఇమిడాయి: గొడ్డలితో కొట్టినవాడు ఆ వంతులో అదే గొడ్డలితో అడ్డుకోలేడు, గొలుసుకు వేలాడే గదను కత్తితో అడ్డుకోబోతే నాలుగు తగ్గుతుంది.

గాయాల విషయంలో ఈ ఆట, పాతకాలపు పోరులను మనుషులే మళ్లీ ఆడి చూపే పునరభినయ పోరుల కంటే కూడా ఒక అడుగు ముందుంది. 1966లో కాలిఫోర్నియాలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజం అనే పునరభినయ సంఘపు కవచ పోరుల్లో బెత్తపు కత్తులే వాడతారు. క్షేమం కోసం మోకాలి కింద కొట్టడాన్ని, కలబడి పట్టుకోవడాన్ని నిషేధించారు. అది సరైన జాగ్రత్తే. కాని 1361లో స్వీడన్‌లోని విస్బీ వద్ద జరిగిన యుద్ధపు సామూహిక సమాధుల్లో మోకాలి కింది ఎముకల మీద కత్తి గాట్లు ఎన్నో కనిపించాయి. గర్ప్స్‌లో కాలికి గురిపెడితే తగ్గేది రెండే, ఒక్క దెబ్బలో మనిషి మొత్తం హిట్ పాయింట్లలో (ఎంత గాయం ఓర్చగలడో చెప్పే అంకె) సగానికి మించి గాయమైతే ఆ కాలు పనిచేయదు. డాలు పెద్దదైనకొద్దీ కాళ్ల మీద చూపు పడటం నా బల్ల దగ్గర ఎవరూ నేర్పకుండానే జరిగింది.

తడబాటు కవచం దగ్గర ఉంది, అది చిన్నది కాదు. బలం 14 ఉన్నవాడు మామూలు కత్తితో నరికితే దెబ్బ బలం సగటున 8 వస్తుంది. గొలుసు కవచం అందులో 4 ఆపుతుంది. మిగిలిన 4 నరుకుడు కాబట్టి ఒకటిన్నర రెట్లై 6 అవుతుంది. పది హిట్ పాయింట్ల మనిషికి అది పెద్ద గాయం. గొలుసు కవచాన్ని తయారుచేసిందే కత్తి నరుకుడును ఆపడానికి. దాని మీద కత్తి పడితే లోపల కమిలిపోవచ్చు, ఎముక విరగవచ్చు, కాని శరీరం చీలడం అరుదు. లో-టెక్ అనే అనుబంధ పుస్తకంలో దీనికి ఐచ్ఛిక సవరణ ఉంది: దెబ్బ కవచపు విలువకు రెట్టింపు దాటకపోతే దాన్ని నరుకుడుగా కాక మొద్దుదెబ్బగా లెక్కించాలి. దాన్ని తప్పనిసరి నియమంగా పెట్టుకోమని నా సలహా. పలక కవచం సంగతి ఇంతకంటే మెరుగు. 1410 ప్రాంతపు ఇటలీ కత్తిసాము గురువు ఫియోరే దెయ్ లిబేరి రాతప్రతుల్లో కవచధారులు ఒక చేత్తో కత్తి అలుగునే పట్టుకుని సందుల్లోకి పొడుస్తుంటారు. ఆటలో కూడా మొండెం మీది కవచపు సందుకు గురిపెట్టడం ఎనిమిది తగ్గింపుతో సాధ్యమే, తగిలితే కవచం విలువ సగమవుతుంది.

అలసటను పోరు ముగిశాక మాత్రమే లెక్కించడం నాకు ఒప్పుదల కాలేదు. కవచంతో పోరాడేవాడిని ఊపిరి మధ్యలోనే వదిలేస్తుంది. కత్తులు ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు ఎదుటి చేతి ఒత్తిడిని బట్టి ఎత్తు మార్చడం, మధ్యయుగపు జర్మన్ కత్తిసాము గురువులు అంతగా చెప్పిన ఆ విద్య, ప్రాథమిక నియమాల్లో లేదు.

కొనేముందు నియమాల సంక్షిప్త రూపమైన 32 పేజీల గర్ప్స్ లైట్‌ను ఉచితంగా దింపుకుని చదవండి. అందులో శరీర భాగాల నియమాలు లేవు గాని, వంతుల నడక తెలుస్తుంది. నచ్చితే ప్రాథమిక గ్రంథపు రెండు సంపుటాలు తీసుకోండి. పోరు నియమాలు రెండో సంపుటమైన క్యాంపెయిన్స్‌లో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురి మధ్య పోరుకు దీన్ని మించినది నేను ఆడలేదు. అటూ ఇటూ పదేసి మంది ఉన్న పోరుకు మాత్రం దీన్ని వాడకండి. మా బల్ల మీద ఎనిమిది సెకన్ల అలాంటి పోరుకు సాయంత్రమంతా పట్టింది.