నాన్న కెమెరా లెన్స్‌కు బూజు పట్టి బొంబాయి వెళ్లొచ్చాం

హైదరాబాద్‌లో ఒక షాపువాడు 1,800 తీసుకుని నాన్న లెన్స్‌ను ఇంకాస్త పాడుచేసి ఇచ్చాడు. ఆ కడుపుమంటే లేకపోతే లెన్స్ కడిగించడానికి రైలెక్కి బొంబాయి పోవాలన్న పిచ్చి నాకు పట్టేది కాదు.

లెన్స్ హీలియోస్ 44-2, 58 ఎంఎం, సోవియట్ జెనిట్ కెమెరాతో వచ్చింది. కాకినాడ ఇంట్లో ఇరవై ఏళ్లు బీరువాలో, తోలు కవర్లోనే పడి ఉంది. సముద్రపు తేమకు ఆ తోలు తోడయ్యాక ఇంకేముంది, లోపల సాలెగూడు అల్లినట్టు బూజు. షాపువాడు వారం ఉంచుకుని ఇస్తే ముందు అద్దం తళతళలాడుతోంది. ఇంటికొచ్చి వెనక నుంచి మొబైల్ టార్చ్ వేస్తే బూజు ఎక్కడిదక్కడే ఉంది, పైగా దూరంగా ఉన్న వాటర్ ట్యాంక్‌కు ఫోకస్ అందడం లేదు. ఫోకస్ తిరిగే మర విప్పి తప్పు గాడిలో బిగించాడన్నమాట. అడిగితే "పాత లెన్సులంతే సార్" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, తెల్లారకముందే బొంబాయి సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగాం. స్టేషన్ దగ్గర లాడ్జివాడు ఫోన్‌లో 1,400 అన్నాడు, తీరా వెళ్లాక "పొద్దున్నే వచ్చారుగా, సగం రోజు అదనం" అని 2,100 గుంజాడు. కిటికీ లేదు, వేడినీళ్లు అరబకెట్. స్నానం కోసమే అయితే లాడ్జి దండగ, స్టేషన్‌లోనే గూళ్లలాంటి చిన్న పడక గదులుండే పాడ్ హోటల్ ఉందని మాకు తిరుగు రైలెక్కేటప్పుడు కనబడింది! మా ఆవిడేమో ఎలిఫెంటా గుహలు చూపిస్తానన్న మాట మీద వచ్చింది. సోమవారం అది మూత. నేను ముందు చూసుకోలేదు, తప్పు నాదే. మధ్యాహ్నం దాకా మాటల్లేవు.

స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే బోరా బజార్, సందు నిండా కెమెరా షాపులు. మేం వెళ్లింది ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే వచ్చే ఒక చిన్న గది, అందులో ఒక బల్ల, ఒక పెద్దాయన. డబ్బు మాట ఎత్తకముందే టార్చ్ వేసి చూసి, "ఇందులో ఆరు అద్దాలు, రెండు జతలు అతికించినవి, ఆ అతుకులోకి బూజు పోయి ఉంటే నేను ముట్టుకోను" అన్నాడు. అదృష్టం, పోలేదు. మా ఎదుటే విప్పాడు. మర ఊడివచ్చిన చోట సూదితో చిన్న గీత గీశాడు, హైదరాబాద్ వాడు చేయనిది ఆ గీతే. అద్దాలను తీసిన వరసలోనే గుడ్డ మీద పెట్టి, ఆల్కహాల్ తడిపిన కాగితంతో మధ్య నుంచి అంచుకు తిప్పుతూ తుడిచాడు. లోపలికి వచ్చే వెలుతురును తగ్గించే, జిడ్డుపట్టిన బ్లేడ్లను లైటర్ పెట్రోలులో ముంచాడు. ఒకచోట బూజు అద్దం మీది కోటింగ్‌ను తినేసిందట, ఆ మచ్చ పోదని ముందే చెప్పేశాడు. చివర్లో కిటికీలోంచి దూరపు క్రేన్‌ను చూస్తూ ఫోకస్ సరిచేశాడు. రెండు గంటల పని, 1,200. నేను బేరమాడలేదు.

మీరూ వెళ్తే ఆదివారం వద్దు, పొద్దున పదకొండుకు ముందూ వద్దు. విప్పేటప్పుడు ఎదురుగా కూర్చుని చూడనివ్వకపోతే లెన్స్ చేతికివ్వకండి.

రైలు రానూపోనూ ఇద్దరికీ 4,600, లాడ్జి 2,100, రిపేరు 1,200, హైదరాబాద్ వాడికి సమర్పించుకున్న 1,800, కలిపితే 9,700. అదే లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో ఇందులో సగానికే దొరుకుతోందని మా ఆవిడ తిరుగు రైల్లో ఫోన్లో వెతికి మరీ చూపించింది.