మ్యాచ్ రేటింగులు: ఆ 7.4ను ఎంతవరకు నమ్మవచ్చు?

ఫుట్‌బాల్ చూసేవారిలో చాలామంది ఇప్పుడు ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి చూస్తున్నారు. సోఫాస్కోర్, హూస్కోర్డ్, ఫాట్‌మాబ్ వంటి సేవలు ఆట సాగుతుండగానే ప్రతి ఆటగాడి పేరు పక్కన పదికి ఇన్ని మార్కులంటూ ఒక అంకెను చూపిస్తాయి. చివరి విజిల్ మోగేసరికి ఎవరు బాగా ఆడారో, ఎవరు ఆడలేదో తీర్పు సిద్ధంగా ఉంటుంది. కొన్ని సీజన్లుగా ఈ రేటింగులను చూస్తున్న నేను, గత సీజన్‌లో ఒక నియమం పెట్టుకున్నాను. మ్యాచ్ అయిన వెంటనే, యాప్ తెరవకముందే, నాకు తోచిన మార్కులను నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే వాటిని యాప్ అంకెలతో పోల్చి చూశాను. ఆ పోలికల తర్వాత ఏర్పడిన అభిప్రాయం ఇది: బంతి కాలి దగ్గర ఉన్నప్పుడు ఆటగాడు ఏం చేశాడో ఈ రేటింగు బాగానే చెబుతుంది, కానీ ఒక్క మ్యాచ్‌లో అతను ఎలా ఆడాడో తేల్చడానికి అది చాలదు.

ముందుగా ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. హూస్కోర్డ్‌లో ప్రతి ఆటగాడు 6.0తో మొదలవుతాడు, ఆప్టా సంస్థ సేకరించే రెండు వందలకు పైగా గణాంకాలను బట్టి ఆ అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. సోఫాస్కోర్‌లో ఆరంభం 6.5, పరిధి 3 నుంచి 10 వరకు. పాస్, షాట్, ట్యాకిల్ (ప్రత్యర్థి కాలి దగ్గరి బంతిని లాక్కోవడం), డ్రిబుల్ (బంతితో ప్రత్యర్థిని దాటుకుపోవడం), ఇంటర్‌సెప్షన్ (ప్రత్యర్థి పాస్‌ను మధ్యలో అందుకోవడం), పోగొట్టుకున్న బంతి, ఇలా ప్రతి చర్యకూ ఒక విలువ ఉంటుంది, అది మైదానంలో ఏ చోట జరిగిందన్నదాన్ని బట్టి ఆ విలువ మారుతుంది. ఇదంతా యంత్రం చేసే లెక్క కనుక పక్షపాతానికి తావు లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ చర్యలను వీడియో చూస్తూ నమోదు చేసేది చాలావరకు మనుషులే. ఒక అవకాశాన్ని ‘పెద్ద అవకాశం’గా లెక్కించాలా, ఒక గోల్‌కు దారితీసిన పొరపాటు ఫలానా డిఫెండర్‌దేనా అన్న నిర్ణయాల్లో మనిషి విచక్షణ తప్పకుండా ఉంటుంది. నేను వాడిన ఒక యాప్‌లో రాత్రి చూసిన అంకె ఉదయానికి తగ్గి ఉండటం చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఆటగాడి ఖాతాలో వేసిన అసిస్ట్‌ను, అంటే గోల్‌కు దారితీసిన పాస్‌ను, పునఃపరిశీలనలో తీసేశారని తర్వాత అర్థమైంది. దిద్దుకోవడం మంచి పనే, దాన్ని తప్పుపట్టను. అయితే మ్యాచ్ అయిన పది నిమిషాలకు కనిపించే అంకె తుది మాట కాదని పాఠకులకు చెప్పే బాధ్యత ఆ సేవలకు ఉంది.

గోల్‌కు ఉన్న బరువు ఈ పద్ధతిలో అన్నిటికంటే పెద్ద సమస్య. 2022 డిసెంబర్ 18న లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ మధ్య జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను గుర్తుచేసుకోండి. మొదటి 79 నిమిషాల్లో ఫ్రాన్స్ ఫార్వర్డ్ ఎంబాపే ఆట మీద పెద్దగా ముద్ర వేయలేకపోయాడు. 80వ నిమిషంలో పెనాల్టీ, ఆ వెంటనే 81వ నిమిషంలో మరో గోల్, అదనపు సమయంలో 118వ నిమిషంలో ఇంకో పెనాల్టీ సాధించాడు. సహచరుడు తురామ్ పాస్‌ను గాలిలోనే అందుకుని కొట్టిన ఆ రెండో గోల్ ఎంత గొప్పదో వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ తొలి పెనాల్టీని సంపాదించింది మరో సహచరుడు కోలో మువానీ. గోల్‌నే ప్రధానంగా తూచే ఏ సూత్రమైనా ఆ రెండు నిమిషాల్లో ఎంబాపేను ఒక్కసారిగా పైకి ఎత్తేస్తుంది, అంతకుముందు గంటకు పైగా అర్జెంటీనా డిఫెన్స్ అతన్ని కట్టడి చేసిన తీరు ఆ అంకె కింద కనిపించకుండా పోతుంది. అదే మ్యాచ్ చివరి క్షణాల్లో కోలో మువానీ షాట్‌ను అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ చాచిన కాలితో ఆపాడు. ఆ షాట్ ఒక అడుగు పక్కకు వెళ్ళి ఉంటే, గోల్‌కీపర్ అదే చోటుకు, అంతే వేగంగా వచ్చి నిలబడినా, అతని ఖాతాలో ఒక్క సేవ్ కూడా చేరేది కాదు.

డిఫెండర్ల విషయంలోనే నా మార్కులూ యాప్ మార్కులూ ఎక్కువగా తేడా పడ్డాయి. మంచి సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్) పని ప్రమాదం రాకముందే మొదలవుతుంది. అతను రెండు అడుగులు ముందుకు జరిగి పాస్ వెళ్ళే దారిని మూసేస్తే, ప్రత్యర్థి ఆ పాస్ ఇవ్వడు. ఇవ్వని పాస్‌ను నమోదు చేసే గడి ఏ పట్టికలోనూ లేదు. తప్పు చోట నిలబడి, ఆఖరి క్షణంలో నేల మీద జారి బంతిని తన్నేసిన వాడికి మాత్రం ట్యాకిల్ లెక్కలో చేరుతుంది. ట్యాకిల్ ఆఖరి ఉపాయం మాత్రమేనని మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట ఈ రేటింగులను చూసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. 2001లో మాంచెస్టర్ యునైటెడ్ తన డిఫెండర్ యాప్ స్టామ్ (Jaap Stam) అనే ఆటగాణ్ని ఇటలీ క్లబ్ లాజియోకు అమ్మేసింది. అతని ట్యాకిళ్ల సంఖ్య తగ్గడం కూడా ఆ నిర్ణయానికి ఒక కారణమని చెబుతారు. అతన్ని వదులుకోవడం పొరపాటని అప్పటి కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ తర్వాత స్వయంగా ఒప్పుకున్నాడు. అంత అనుభవం ఉన్న కోచ్‌నే తడబరిచే అవకాశమున్న అంకెలతో, మనం ఫోన్ చూసి ఒక డిఫెండర్ ఆటను తేల్చేయడం న్యాయం కాదు.

స్కోరు ఎలా ఉందన్నది కూడా గణాంకాలను వంచుతుంది. 2014 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో బ్రెజిల్ 7-1తో ఓడిన రోజున, షాట్లు ఎక్కువ కొట్టింది బ్రెజిలే. అర్ధభాగానికే 5-0తో ముందున్న జట్టు ఆడే ఆటను, వెనకబడ్డ జట్టు ఆడే ఆటను ఒకే తక్కెడలో తూచితే ఏమవుతుందో ఆ మ్యాచ్ చూపిస్తుంది.

అలాగని పూర్తిగా తీసిపారేయలేను. బంతితో ఎక్కువగా పనిచేసే, మైదానం అంచుల్లో ఆడే వింగర్లు, దాడికి వెళ్ళే ఫుల్‌బ్యాక్‌లు (పక్కల ఆడే డిఫెండర్లు), సృజనాత్మక మిడ్‌ఫీల్డర్ల విషయంలో నా మార్కులు యాప్ అంకెలకు చాలాసార్లు దగ్గరగానే వచ్చాయి. కొన్నిసార్లు తప్పు నాదేనని కూడా తేలింది: నాకు నచ్చిన ఒక మిడ్‌ఫీల్డర్ బాగా ఆడాడని రాసుకున్నాక, అతను సొంత అర్ధభాగంలో ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడో పట్టికలో చూసి, అభిమానం నా కళ్లను కప్పేసిందని గ్రహించాను. చూసే కన్ను మరచిపోయేవాటిని పట్టిక మరచిపోదు, ఈ సేవల్లో నేను అన్నిటికంటే విలువిచ్చే గుణం ఇది.

మనుషులే ప్రతి ఆటను చూసి మార్కులు వేస్తే మేలు కదా అంటే, అమెరికన్ ఫుట్‌బాల్ అనే వేరే ఆటలో ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ సంస్థ చేసేది అదే. ప్రతి ప్లేలో (బంతి కదలడం మొదలై ఆగేవరకు సాగే ఒక్కో దఫాలో) ప్రతి ఆటగాడికీ మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు, అర పాయింటు చొప్పున మార్కు వేసి, చివరికి 0 నుంచి 100 మధ్య గ్రేడుగా మారుస్తారు. ఫలితాన్ని కాక ఆటగాడి పనిని చూడటం వారి సిద్ధాంతం. 2015 సెప్టెంబర్‌లో కాన్సాస్ సిటీ జట్టు మీద ఆరన్ రాడ్జర్స్ ఐదు టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చే పాస్‌లు) వేసిన మ్యాచ్‌లో అతనికి వారు వేసిన ప్లస్, మైనస్ మార్కుల లెక్క సున్నా కంటే కాస్త దిగువన రావడంతో పెద్ద వాదమే జరిగింది. గోల్‌కు దాసోహమనే పద్ధతి కంటే ఈ తెగువ నాకు నచ్చుతుంది. అయినా అక్కడా ఒక లోటు ఉంది: కోచ్ ఆ ప్లేలో ఎవరికి ఏ పని అప్పగించాడో బయటి పరిశీలకుడికి ఖచ్చితంగా తెలియదు, కాబట్టి తప్పు ఎవరిదో కొన్నిసార్లు ఊహించాల్సిందే.

ఇప్పుడు నేను ఈ సేవలను వాడే తీరు మారింది. ఒక్క మ్యాచ్‌లో 7.1కీ 7.4కీ మధ్య తేడాను అసలు పట్టించుకోను. 5.5 లేదా 9 వంటి అంకె కనిపిస్తే, దాని వెనక ఏ చర్యలున్నాయో విడదీసి చూస్తాను. పదిహేను ఇరవై మ్యాచ్‌ల సగటును మాత్రం నమ్ముతాను, అదీ ఒకే స్థానంలో ఆడేవారిని ఒకరితో ఒకరిని పోల్చేటప్పుడే. అన్ని మ్యాచ్‌లు కలిసేసరికి అదృష్టం కలిసొచ్చిన రోజులూ కలిసిరాని రోజులూ చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. చర్యల వివరాలను అందించడంలో ఈ సేవలకు నేను ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఒక్క మ్యాచ్ తీర్పుగా ఆ రేటింగుకు రెండే. దశాంశ స్థానం తీసేసి, గోల్ వల్ల ఎంత వచ్చింది, మిగతా ఆట వల్ల ఎంత వచ్చింది అని రెండు అంకెలుగా విడిగా చూపించే రోజు వస్తే, ఆ రెండో నక్షత్రానికి మూడోదాన్ని సంతోషంగా చేరుస్తాను.