24 మార్కర్ల డీఎన్ఏ కిట్: ఏళ్ల తరబడి వాడాక

మా ఫోరెన్సిక్ ల్యాబ్‌లో 15 మార్కర్ల పాత ఎస్‌టీఆర్ కిట్ పోయి 24 మార్కర్లది వచ్చి చాలా ఏళ్లయింది. మార్కర్లంటే ఎక్కువగా డీఎన్ఏలో ఒక చిన్న ముక్క (రిపీట్) మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు; అది ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా కిట్లు ఒకరికి మించే చేస్తున్నారు.

అమ్మేవాళ్లు ముందు చెప్పేది వేగం. పీసీఆర్‌కి, అంటే డీఎన్ఏను బోలెడు కాపీలు చేయడానికి, పాత కిట్‌తో దాదాపు 3 గంటలు పట్టేది, ఇప్పుడు గంటన్నరలో అయిపోతుంది. నిజమే. కానీ ఎముకను పొడి చేసి, ఈడీటీఏ అనే రసాయనంలో నానబెట్టి కాల్షియం పోగొట్టడానికే రాత్రంతా పడుతుంది. మిగిలిన ఆ గంటన్నర ఏ మూలకు?

అసలు లాభం పాడైపోయిన శాంపిల్స్‌లో కనిపిస్తుంది. మట్టిలో పడున్న ఎముకలో డీఎన్ఏ తునాతునకలై ఉంటుంది. పాత కిట్‌లో పొడుగు మార్కర్లన్నీ ఖాళీగా వచ్చేవి. దీంట్లో పదింటిదాకా 220 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) లోపు పొట్టి మార్కర్లున్నాయి కాబట్టి, అలాంటి ఎముక నుంచి కూడా కుటుంబ సభ్యులతో పోల్చదగ్గ ప్రొఫైల్ (మార్కర్ల ఫలితాల పట్టిక) చేతికొస్తుంది.

ఫలితం గ్రాఫ్‌లా వస్తుంది; అందులో లేచే శిఖరాలే పీక్‌లు, పొట్టి ముక్కలవి ఎడమన, పొడుగువి కుడిన. నాకు బాగా నచ్చింది ఇందులోని రెండు క్వాలిటీ పీక్‌లు. ఇవి శాంపిల్‌వి కావు, కిట్ తాలూకువి. ఒకటి పొట్టి ముక్కది, ఒకటి పొడుగు ముక్కది. ఒకసారి జీన్స్ ప్యాంటు మీది రక్తపు మరకలో పొడుగు మార్కర్లు పడిపోయాయి. క్వాలిటీ పీక్‌లు చూస్తే పొట్టిది నిటారుగా ఉంది, పొడుగుది చతికిలబడింది. అంటే డీఎన్ఏ చెడలేదు, ఇండిగో రంగు పీసీఆర్‌కి అడ్డుపడుతోంది. మళ్లీ శుభ్రం చేసి నడిపితే అన్నీ లేచాయి. రెండు పీక్‌లూ సమానంగా ఉండి, శాంపిల్ పీక్‌లు మాత్రమే కుడివైపుకి వాలిపోతుంటే డీఎన్ఏ చెడిపోయిందన్నమాట. ఇది తెలియకపోతే చీకట్లో రాళ్లు వేసినట్టే.

తలనొప్పి కూడా ఉంది. ఇది మరీ సున్నితం. కత్తి పిడి తుడిచిన స్వాబ్‌లో ఇద్దరు ముగ్గురి పీక్‌లు కలిసి లేస్తాయి. పెద్ద పీక్‌కి ఒక రిపీట్ ముందు వచ్చే చిన్న పీక్ స్టట్టరా (కాపీ చేసేటప్పుడు పీసీఆర్‌లో జరిగే పొరపాటు), ఇంకో మనిషిదా? డీ22 అనే మార్కర్‌లో స్టట్టర్ పెద్ద పీక్ తర్వాత కూడా వస్తుంది. కోర్టులో డిఫెన్స్ లాయర్ సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. మిశ్రమాల లెక్కకు ప్రాబబిలిస్టిక్ సాఫ్ట్‌వేర్ (ఎవరి డీఎన్ఏ కలిసిందో సంభావ్యతతో లెక్కగట్టేది) లేకుండా ఈ కిట్ కొనడం సగం పనే.

2024 జులై 1 నుంచి, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 176(3) సెక్షన్ చెబుతోంది. రాష్ట్రాలకు కొంత గడువిచ్చారనుకోండి. అయినా తడి బట్టను పాలిథీన్ కవర్లో కట్టి, డీఎన్ఏ చెడేలా పంపే అలవాటు పోనంతకాలం ఏ కిట్ ఏం చేస్తుంది? నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెడితే చాలు.

5కి 4 ఇస్తాను. తండ్రి-బిడ్డ కేసులే ఎక్కువగా చేసే ల్యాబ్‌కి పాతది సరిపోతుంది. కొనేవాళ్లు ముందు మెషిన్ చూసుకోండి: ఇది మార్కర్లను ఆరు వెలిగే రంగులతో గుర్తించే కిట్, ఐదు రంగుల పాత అనలైజర్‌లో నడవదు. ఆ రంగులుండే ప్రైమర్ ట్యూబ్ తెరిచాక వెలుతురు తగలనీయకండి.